మ్యూజికల్‌కి డైరెక్టర్ కావాలా? ముందు లెక్కల పుస్తకం పట్టండి

డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నారు. కాలేజీ ఫెస్ట్‌లో మీ టీమ్ పాటలతో ఒక నాటకం వేసింది. జనం ఈలలు వేశారు, ప్రిన్సిపాల్ గారు భుజం తట్టారు, ఎవరో తీసిన వీడియో వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టి వచ్చింది. అప్పట్నుంచి మీకు ఆప్టిట్యూడ్ టెస్టుల మీద మనసు నిలవడం లేదు. ఇంట్లో ‘డైరెక్టర్ అవుతా’ అన్నారు. ‘సినిమాకా?’ అని అడిగారు నాన్న. ‘కాదు నాన్నా, నాటకానికి’ అన్నాక ఆయన ఏమన్నారో మీరు నాకు చెప్పక్కర్లేదు.

మీ నాన్నగారికి వత్తాసు పలకడానికి ఈ వ్యాసం రాయడం లేదు. అలాగని ‘కలను వదలకు’ అంటూ మిమ్మల్ని ఎగదోయడానికీ కాదు. ఎగదోసేవాళ్లు యూట్యూబ్ నిండా ఉన్నారు, కొందరు ఫీజు కూడా తీసుకుంటున్నారు. నేను చెప్పదలచుకున్నది వేరు. ఈ వృత్తిలోకి వెళ్లే దారి మీరు వెతుకుతున్న చోట లేదు. ‘ఏ కోర్సు చేస్తే డైరెక్టర్ అవుతాం సార్?’ అనే ప్రశ్నతో మొదలుపెడితే మూడేళ్లు గడిచాక కూడా అదే ప్రశ్న దగ్గర నిలబడి ఉంటారు.

ముందు మాటల తికమక తీర్చుకుందాం. మన దగ్గర మ్యూజిక్ డైరెక్టర్ అంటే బాణీలు కట్టే మనిషి. న్యూయార్క్ బ్రాడ్‌వేలో అదే మాటకి ఆర్కెస్ట్రాను నడిపిస్తూ నటులకు పాటలు నేర్పించే వ్యక్తి అని అర్థం. మనం మాట్లాడుకునేది ఈ ఇద్దరి గురించీ కాదు. కథ, మాట, పాట, నాట్యం, సెట్టు, లైటు, సౌండు... ఇన్ని పనులు చేసే ఇంతమంది మనుషుల్ని ఒకే నాటకంలోకి తెచ్చే వ్యక్తి గురించి.

ఆ వ్యక్తి లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. ఒకప్పుడు మన ఊళ్లలో కాంట్రాక్టు నాటకాలు ఆడేవి. కాంట్రాక్టరు పేరున్న నటులను తలో ఊరి నుంచి పిలిపించి ఒకే రాత్రి స్టేజీ ఎక్కించేవాడు. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు వచ్చేవారు, సీను మారితే కృష్ణుడు మారేవాడు. అందరూ కలిసి రిహార్సల్ చేయడమన్నది లేదు. పద్యం నచ్చితే జనం ‘వన్స్ మోర్’ అనేవారు, నటుడు మళ్లీ రాగం ఎత్తుకునేవాడు, కథ అక్కడే ఆగి కూర్చునేది. పాడేవాళ్లకు కొదవ లేదు. హార్మోనియం వాయించినవాళ్లలో ఎంత విద్వత్తు ఉండేదో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. లేనిదల్లా మొత్తం నాటకం నాది అని బాధ్యత తీసుకునే దర్శకుడే. పద్యనాటకం ప్రాభవం తగ్గడానికి సినిమా రావడాన్నే అందరూ కారణంగా చెబుతారు. ఇది కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

పద్నాలుగేళ్లు తెర పక్కన

ఇప్పుడు ఒక మనిషి కెరీర్‌ని కొంచెం నింపాదిగా చూద్దాం. హెరాల్డ్ ప్రిన్స్. అందరూ హాల్ ప్రిన్స్ అని పిలిచేవారు. 1928లో న్యూయార్క్‌లో పుట్టి, 2019లో కన్నుమూశారు. నాటకరంగంలో ఇచ్చే టోనీ అవార్డులు ఆయనకు 21 వచ్చాయి. ఇప్పటివరకూ మరే వ్యక్తికీ అన్ని రాలేదు. ‘క్యాబరే’, ‘కంపెనీ’, ‘ఫాలీస్’, ‘స్వీనీ టాడ్’, ‘ఎవీటా’, ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’... ఇవన్నీ ఆయన దర్శకత్వం వహించినవే. 

ఈ జాబితా చూసి నోరెళ్లబెట్టడం వల్ల మీకొచ్చే లాభం లేదు. మీకు పనికొచ్చేది దీనికి ముందున్న కాలం. ప్రిన్స్ 1948లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో చదువు ముగించారు. దర్శకుడిగా ఆయన పేరు బ్రాడ్‌వేలో మొదటిసారి పడింది 1962లో. మధ్యలో పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్లూ ఆయన ఏ డైరెక్షన్ కోర్సూ చేయలేదు. అవకాశం కోసం ఎదురుచూస్తూనూ కూర్చోలేదు.

చదువు అయిపోగానే ఆయన జార్జ్ అబాట్ ఆఫీసు తలుపు తట్టారు. అబాట్ అప్పటికే పేరుమోసిన నిర్మాత, దర్శకుడు. జీతం లేకపోయినా ఫర్వాలేదు, పని ఇవ్వండని అడిగారు. ఆఫీసులో చేరాక చెప్పిన పనల్లా చేశారు. 1949లో ‘టచ్ అండ్ గో’ అనే నాటకానికి అసిస్టెంట్ స్టేజ్ మేనేజర్ అయ్యారు. తర్వాత రెండేళ్లు సైన్యంలో తప్పనిసరి సర్వీసు, జర్మనీలో. తిరిగొచ్చి 1953లో ‘వండర్‌ఫుల్ టౌన్’కి మళ్లీ అదే స్టేజ్ మేనేజ్‌మెంట్ పని.

స్టేజ్ మేనేజర్ అంటే ఎవరో మన కాలేజీల్లో చాలామందికి తెలియదు. కుర్చీలు సర్దేవాడు అనుకుంటారు. నిజానికి రిహార్సల్ మొదటి రోజు నుంచి దర్శకుడి పక్కన కూర్చుని, ఏ మాట దగ్గర ఎవరు ఎటు కదలాలి, ఏ స్వరం దగ్గర ఏ లైటు మారాలి, ఏ క్షణంలో తెర లేవాలి అన్నదంతా ఒక పుస్తకంలో రాసుకునే మనిషి ఆయన. దాన్ని ప్రాంప్ట్ బుక్ అంటారు. ప్రదర్శన రోజున హెడ్‌సెట్ పెట్టుకుని ‘గో’ అంటేనే లైటు మారుతుంది. మ్యూజికల్‌లో ఇలాంటి సంకేతాలు వందల్లో ఉంటాయి. ఇంకో ముఖ్యమైన సంగతి: నాటకం మొదలయ్యాక దర్శకుడు తన దారిన తాను ఇంకో పనికి వెళ్లిపోతాడు. ఆ తర్వాత నెలలపాటు, ఒక్కోసారి ఏళ్లపాటు, ఆ నాటకం మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉండేట్టు చూసేదీ, కొత్తగా వచ్చిన నటులకు పాత కదలికలు నేర్పించేదీ స్టేజ్ మేనేజరే. అంటే దర్శకుడి బుర్రలో ఏముందో దర్శకుడి తర్వాత బాగా తెలిసిన మనిషి. డైరెక్షన్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సీటు ఏ క్లాసురూములోనూ దొరకదు.

ప్రిన్స్ అక్కడితో ఆగలేదు. తనతో పనిచేసిన సీనియర్ స్టేజ్ మేనేజర్ రాబర్ట్ గ్రిఫిత్‌తో కలిసి 1954లో నిర్మాతగా మారారు. పైజామాలు కుట్టే ఫ్యాక్టరీలో జీతం పెంపు కోసం కార్మికుల గొడవ ఇతివృత్తంగా ‘ది పైజామా గేమ్’ తీసుకొచ్చారు. పెద్ద షావుకారు ఎవరూ దొరకలేదు. చిన్న చిన్న మొత్తాలుగా చాలామంది దగ్గర పోగుచేశారు. ఖర్చు కలిసొస్తుందని నిర్మాతలిద్దరూ తమ నాటకానికి తామే స్టేజ్ మేనేజర్లుగా కూడా పనిచేశారు. అప్పటికి ప్రిన్స్ వయసు 26. నాటకం వెయ్యికి పైగా ప్రదర్శనలు ఆడింది, ఉత్తమ మ్యూజికల్‌గా టోనీ గెలిచింది. 1957లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ రిహార్సల్స్‌కి కొన్ని వారాల ముందు దాని నిర్మాత తప్పుకుంటే, ఆగిపోవాల్సిన ఆ నాటకాన్ని డబ్బు సమకూర్చి నిలబెట్టింది ఈ ఇద్దరే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, డబ్బు లెక్క తెలియని దర్శకుడు మ్యూజికల్‌లో బతకలేడు. మామూలు నాటకానికి ఇద్దరు నటులు, ఒక బల్ల చాలు. మ్యూజికల్ అలా కాదు. పాటకి వాద్యబృందం కావాలి, వాద్యబృందానికి రిహార్సల్ గది కావాలి, నాట్యానికి నేల వేరే కావాలి, మైకులు కావాలి, మైకులకి మనిషి కావాలి. రెండో అంకంలో ఒక సెట్టు అదనంగా అడిగితే ఎన్ని టికెట్లు అదనంగా అమ్మాలో తెలిసిన దర్శకుడిని నిర్మాత మళ్లీ పిలుస్తాడు. తెలియనివాడిని ‘టాలెంట్ ఉంది కానీ...’ అంటాడు. ఆ ‘కానీ’ దగ్గర ఆగిపోయిన కెరీర్లు చాలా ఉన్నాయి.

వద్దన్న అవకాశం, అతుకు వేసిన అవకాశం

ప్రిన్స్ మొదటి దర్శకత్వ అవకాశం ఎలా వచ్చిందో తెలిస్తే మీకు కొంచెం నిరాశ కలగవచ్చు. పూలదండలేమీ లేవు. ‘ఎ ఫ్యామిలీ అఫైర్’ అనే మ్యూజికల్ బ్రాడ్‌వేకి రాకముందు వేరే ఊళ్లో ఆడుతూ ఇబ్బందుల్లో పడింది. వేరొకరి చేతిలో సగం చెడిన నాటకం. దాన్ని బాగుచేయమని ప్రిన్స్‌ని పిలిచారు. వెళ్లారు, చేతనైనంత బాగుచేశారు. అయినా అది 65 ప్రదర్శనలకే మూతపడింది. కానీ దానికి బాణీలు కట్టిన యువకుడు జాన్ కాండర్. బ్రాడ్‌వేలో అతనికీ అదే మొదటి మ్యూజికల్. నాలుగేళ్ల తర్వాత ఇదే కాండర్, గీత రచయిత ఫ్రెడ్ ఎబ్‌తో కలిసి ప్రిన్స్ కోసం ‘క్యాబరే’కి సంగీతం ఇచ్చాడు.

మరో సంగతి నాకు ఇంకా నచ్చుతుంది. ‘ఫిడ్లర్ ఆన్ ది రూఫ్’ రాసినవాళ్లు దానికి దర్శకత్వం వహించమని ప్రిన్స్‌ని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. ఈ కథ ప్రపంచంలో అందరికీ తగలాలంటే నాట్యం తెలిసిన జెరోమ్ రాబిన్స్ లాంటి దర్శకుడు కావాలని చెప్పి, తాను నిర్మాతగా ఉండిపోయారు. 1964లో మొదలైన ఆ నాటకం 3,242 ప్రదర్శనలు ఆడి అప్పటికి బ్రాడ్‌వే రికార్డు కొట్టింది. చేతికొచ్చిన డైరెక్షన్‌ని ‘నాకంటే బాగా చేసేవాళ్లున్నారు’ అని వదులుకోవడం మనలో ఎందరికి సాధ్యం? కాలేజీ ఫెస్ట్‌లో స్కిట్ దగ్గరే పేరు ముందు ఎవరిది వేయాలని కొట్టుకుంటున్నాం కదా.

సరే, ‘క్యాబరే’కి వద్దాం. 1966. అప్పటికి ప్రిన్స్ వయసు 38. హిట్లర్ అధికారంలోకి రావడానికి కాస్త ముందు బెర్లిన్‌లోని ఒక నైట్‌క్లబ్ కథ ఇది. చూడ్డానికి అంతా ఆటపాటలే, అడుగున మాత్రం ఒక దేశం విషం మింగుతూ ఉంటుంది. రిహార్సల్ మొదటి రోజున ప్రిన్స్ నటులకు ఒక పత్రికలో వచ్చిన ఫొటో చూపించారు. చొక్కాల్లేని తెల్ల కుర్రాళ్లు కోపంతో అరుస్తున్న ఫొటో. నాజీ జర్మనీ అనుకున్నారందరూ. కాదు, అది అమెరికా. నల్లవాళ్లకు వ్యతిరేకంగా అరుస్తున్న వాళ్లు. ‘ఈ నాటకం ఎవరి గురించి?’ అన్నదానికి ఆ ఒక్క ఫొటోతో జవాబు చెప్పేశారు. ఇక నటులకి లెక్చర్ అక్కర్లేదు. సెట్ డిజైనర్ బోరిస్ ఆరన్‌సన్ స్టేజీ పైన ఒక పెద్ద అద్దం వాలుగా వేలాడదీశాడు. హాల్లోకి వచ్చిన ప్రేక్షకులకు అందులో కనిపించేది తమ ముఖాలే.

దర్శకుడి పని అంటే ఇదీ. పాట ఆయన రాయలేదు, బాణీ కట్టలేదు, అద్దం తయారుచేయలేదు. కానీ ఇవన్నీ ఒకే మాట చెప్పేలా చూశారు. ఆ నాటకంలో క్లబ్బు నడిపించే వ్యాఖ్యాత పాత్ర ఒకటుంది. దాని మూలం ప్రిన్స్ సైనికుడిగా ఉన్నప్పుడు జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఒక క్లబ్బులో చూసిన మనిషి. సైన్యంలో పోయాయనుకున్న ఆ రెండేళ్లు పదిహేనేళ్ల తర్వాత ఇలా పనికొచ్చాయి. అందుకే ఇప్పుడు మీరు చేస్తున్న డేటా ఎంట్రీ ఉద్యోగాన్నో, బంధువుల షాపులో కూర్చోవడాన్నో దండగ అనుకోకండి. కళ్లు తెరిచి చూస్తూ ఉంటే చాలు.

‘నాకు సంగీతం రాదు, మరి నేను పనికిరానా?’ అని అడుగుతారు కొందరు. రావాలి. కనీసం తాళం తప్పితే చెవికి తగలాలి. పాట ఎందుకు వస్తోందో తెలియాలి: మాటలతో చెప్పలేని చోటే పాత్ర పాట ఎత్తుకోవాలి. మన సినిమాల్లో పాట తీసేసినా కథ సాగిపోతుంది చూడండి, మ్యూజికల్‌లో పాట తీసేస్తే కథ కుంటాలి. ఈ తేడా తెలిస్తే సగం సంగీతం వచ్చినట్టే. మిగతా సగానికి ఏదో ఒక వాద్యం, రెండేళ్లు.

పదహారు ప్రదర్శనలు

ఇక ఎవరూ పోస్టర్ మీద వేయని భాగం. 1971లో ‘ఫాలీస్’ ఏడాదికి పైగా ఆడినా పెట్టిన డబ్బు దాదాపు అంతా పోయింది. 1976లో ‘పసిఫిక్ ఓవర్చర్స్’ కూడా నష్టమే. 1981లో ‘మెరిలీ వి రోల్ ఎలాంగ్’. స్టీఫెన్ సోండ్‌హైమ్ సంగీతం, ప్రిన్స్ దర్శకత్వం. వరసగా పదేళ్లు చరిత్ర సృష్టించిన జంట. కథ చివరి నుంచి మొదటికి నడుస్తుంది. నటులంతా కుర్రాళ్లు. టికెట్ కొన్న జనం ముందే నాటకాన్ని పరీక్షించే ప్రివ్యూల్లో తేలిందేమిటంటే, ఎవరు ఎవరో ప్రేక్షకులకు అర్థం కావడం లేదు. తయారైన దుస్తులన్నీ పక్కన పడేసి, పాత్రలేంటో రాసిన స్వెట్‌షర్టులు తొడిగారు. హీరోని మార్చారు. కొరియోగ్రాఫర్‌ని మార్చారు. అయినా అధికారికంగా మొదలయ్యాక 16 ప్రదర్శనలు. అంతే. ఆ తర్వాత ఇద్దరూ కలిసి కొత్త నాటకం చేయడానికి ఇరవై ఏళ్లకు పైనే పట్టింది.

ప్రిన్స్‌కి కష్టాలు అక్కడితో తీరలేదు. 1982లో ‘ఎ డాల్స్ లైఫ్’ అయిదు ప్రదర్శనలకే ఆగింది. ఇంకా ఒకట్రెండు అలాగే పోయాయి. అప్పటికే అరడజనుకు పైగా టోనీలు చేతిలో ఉన్న మనిషి సంగతి ఇది. పాతవి పెట్టుకుని కొత్త నాటకం ఆడించలేం మరి. 1986లో లండన్‌లో ‘ఫాంటమ్’ మొదలైంది. 1988 జనవరిలో న్యూయార్క్‌కి వచ్చింది. 2023 ఏప్రిల్ 16న చివరి ప్రదర్శన జరిగేసరికి లెక్క 13,981. అప్పటికి ప్రిన్స్ పోయి నాలుగేళ్లు కావస్తోంది.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఒక నాటకం మొదటి ప్రదర్శన అయిన మర్నాడు పొద్దున్నే తర్వాతి నాటకం గురించి మీటింగ్ పెట్టుకునేవారు. రివ్యూలు బాగున్నా, చీల్చి చెండాడినా సరే. 16 ప్రదర్శనల నాటకానికి ఇంకో కథ కూడా ఉంది. అదే ‘మెరిలీ’ వేరే దర్శకురాలు మరియా ఫ్రీడ్‌మన్ చేతిలో 2023లో బ్రాడ్‌వేకి తిరిగొచ్చి, మరుసటి ఏడాది ఉత్తమ పునఃప్రదర్శనగా టోనీ గెలిచింది. ఆ గెలుపు చూడటానికి సోండ్‌హైమ్ లేరు, ప్రిన్స్ లేరు. కొన్ని సప్లీలు క్లియర్ కావడానికి నలభై ఏళ్లు పడుతుంది.

అమ్మాయిలకు ఒక మాట. ఈ రంగంలో మగవాళ్ల పేర్లే ఎక్కువ వినిపిస్తున్నాయంటే కారణం ప్రతిభ కాదు, తలుపులు. మ్యూజికల్ దర్శకత్వానికి టోనీ అందుకున్న మొదటి మహిళ జూలీ టేమర్, ‘ది లయన్ కింగ్’కి, 1998లో. టోనీలు మొదలైంది 1947లో అని గుర్తుపెట్టుకుంటే ఎంత ఆలస్యమో తెలుస్తుంది. టేమర్ యువతిగా ఇండొనేషియాలో ఏళ్ల తరబడి ఉండి తోలుబొమ్మలు, ముసుగుల నాటకాలు చూసింది, చేసింది. మన ఆంధ్ర తోలుబొమ్మలాట మీ జిల్లాలో ఇంకా ఎక్కడ ఆడుతోందో మీకు తెలుసా?

ఉచితంగా పని చేయాలా?

ఇక్కడ నేను ప్రిన్స్ కథని యథాతథంగా మీకు అమ్మదలచుకోలేదు. ‘జీతం వద్దు, పని ఇవ్వండి’ అనడం వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ఆయన అద్దె గురించి బెంగపడాల్సిన ఇంట్లో పుట్టలేదు. మీ పేరు మీద ఎడ్యుకేషన్ లోన్ ఉంటే, చెల్లెలి ఫీజు కట్టాల్సి ఉంటే, ఆ మాట మీరు అనలేరు. అనక్కర్లేదు కూడా. ‘డబ్బులివ్వం, ఎక్స్‌పోజర్ ఇస్తాం, సర్టిఫికెట్ ఇస్తాం’ అనే ఈవెంట్ల వాళ్లు మన నగరాల్లో తక్కువేం లేరు. ఆరు నెలలు కుర్చీలు మోయించుకుని, చివరికి బ్రోచర్‌లో పేరు కూడా వేయరు.

నా లెక్క ఇది. ఉచితంగా చేస్తే ఒకే ఒక్క నాటకం చేయండి. అదీ రిహార్సల్ గదిలో మొదటి రోజు నుంచి కూర్చోనిచ్చి, ప్రాంప్ట్ బుక్ మీ చేతికిస్తేనే. బస్సు ఛార్జీ, భోజనం వాళ్లే పెట్టుకోవాలి. మీ పని ఏమిటో, పేరు ఎక్కడ వేస్తారో ముందే ఒక ఈమెయిల్‌లో రాయించుకోండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలదు. రెండో నాటకం కూడా ఉచితమే అంటే, నమస్కారం పెట్టి వచ్చేయండి. అడిగితే అవకాశం పోతుందని భయపడతారు. అడిగినందుకు పోయే అవకాశం ఎలాగూ నిలవదు.

మీ డిగ్రీని మాత్రం అటక మీద పడేయకండి. నాటకానికి పనికిరాని చదువు నాకైతే కనిపించలేదు. బీకామ్ వాళ్లకి ప్రొడక్షన్ లెక్కలు. ఈసీఈ వాళ్లకి సౌండు: వైర్‌లెస్ మైకులు ఇరవై ఒకేసారి పనిచేసే చోట ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి తినకుండా చూసేవాడి కోసం నిర్మాతలు వెతుకుతుంటారు. కంప్యూటర్స్ వాళ్లు క్యూల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్ వారంలో పట్టేస్తారు. సౌండు, వీడియో సంకేతాలు ఇప్పుడు చాలాచోట్ల దాని మీదే నడుస్తాయి. సివిల్ చదివినవాళ్లకి సెట్టు ఎంత బరువు మోస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ పనుల్లో ఏదో ఒకదానికి డబ్బులిస్తారు. ఆ డబ్బుతో అద్దె కట్టుకుంటూ, రిహార్సల్ గదిలో ఒక మూల చోటు సంపాదించండి. డైరెక్టర్ కుర్చీకి ఆ మూల నుంచే దగ్గర.

మన దగ్గర చోటు ఎక్కడ?

బ్రాడ్‌వే అంటే ఒక వీధి చుట్టూ 41 థియేటర్లు. అక్కడ దర్శకులకు 1959 నుంచి సొంత సంఘం ఉంది. ఒప్పందంలో ఫీజుతో పాటు టికెట్ వసూళ్లలో వాటా, అంటే రాయల్టీ, ఉంటుంది. నాటకం ఆడినన్నాళ్లూ అది వస్తూనే ఉంటుంది. 35 ఏళ్లు ఆడిన నాటకానికి రాయల్టీ అంటే ఏమిటో మీరే ఊహించుకోండి. అయిదు రోజులు ఆడిన నాటకానికి ఏముంటుందో కూడా ఊహించుకోండి. మన తెలుగు నాటకంలో దర్శకుడికి రాయల్టీ అన్న మాట దాదాపు వినపడదు. శాలువా వినపడుతుంది.

అయినా మనకి సొంత ఆస్తి ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచక వధ’తో మొదలుపెట్టిన సురభి నాటకాలు ఒకటిన్నర శతాబ్దానికి దగ్గరపడుతున్నాయి. ‘మాయాబజార్’లో మనుషులు గాల్లో ఎగరడం, కళ్ల ముందే తెరలు మారిపోవడం, అన్నీ తాళ్లతో, చేతులతో. పాట, పద్యం, ట్రిక్కు, కుటుంబమంతా స్టేజీ మీద. మ్యూజికల్ అనే ఇంగ్లిష్ మాట మనకి కొత్తగానీ వస్తువు కొత్త కాదు. 1990లలో కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ సురభి కళాకారులతో పనిచేసి ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించారు. ‘యాదమ్మ’ జర్మన్ రచయిత బ్రెష్ట్ నాటకానికి తెలుగు రూపం. పౌరాణికాలు ఆడిన చేతులతోనే బస్తీ కథ.

ఆ కారంత్ గారి దారి ప్రిన్స్‌కి పూర్తిగా భిన్నం. చిన్నప్పుడే గుబ్బి వీరన్న నాటక కంపెనీలో చేరారు. వీరన్నే ఆయన్ని చదువుకోమని బనారస్ పంపించారు. అక్కడ హిందుస్థానీ సంగీతం నేర్చుకున్నారు. తర్వాత ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, ఆపైన అదే స్కూలుకి డైరెక్టర్. నాటకానికి సంగీతం కూడా తనే చేసుకునేవారు. ప్రిన్స్‌ది లెక్కల పుస్తకం దారి, కారంత్‌ది హార్మోనియం దారి. ఇద్దరికీ కలిసే చోటు ఒకటే: కుర్రవయసులో ఇద్దరూ నాటకం ఆడే ఇంట్లో చిన్న పనులు చేస్తూ పెరిగారు.

పెద్ద బడ్జెట్ల సంగతి కూడా చెప్పాలి. 2016లో ముంబైలో ‘మొఘల్-ఎ-ఆజమ్’ని స్టేజీ మీదికి తెచ్చిన ఫిరోజ్ అబ్బాస్ ఖాన్, 2023లో నీతా ముకేశ్ అంబానీ కల్చరల్ సెంటర్ ప్రారంభ మ్యూజికల్‌కీ దర్శకుడు. అక్కడి పెద్ద థియేటర్‌లో 2,000 సీట్లు. ఇవి చూసి ముంబై రైలెక్కేముందు ఒక తేదీ చూడండి. ఇదే ఫిరోజ్ ఖాన్ 1992లో ‘తుమ్హారీ అమృత’ చేశారు. స్టేజీ మీద ఇద్దరే నటులు, కూర్చుని ఉత్తరాలు చదువుతారు. సెట్టు లేదు, పాటల్లేవు. అక్కడి నుంచి ‘మొఘల్-ఎ-ఆజమ్’కి 24 ఏళ్లు.

కాబట్టి ఇంట్లో మాట్లాడేటప్పుడు ‘రెండేళ్లు టైమివ్వండి, నిరూపిస్తా’ అనే సినిమా డైలాగు వద్దు. రెండేళ్లలో ఎవరూ నిరూపించలేరు. ‘నెలకి ఇంత సంపాదిస్తూనే, ఈ పని నేర్చుకుంటా’ అని కాగితం మీద రాసి చూపించండి. నాన్నగార్లు కవిత్వానికి కరగకపోయినా కాగితం చదువుతారు. ఇంటర్నేషనల్ స్కూళ్లలో డ్రామా టీచర్లను తీసుకుంటున్నారు. వార్షికోత్సవానికి మూడు వందల మంది పిల్లల్ని స్టేజీ మీద ఢీకొనకుండా నడిపించడం కంటే కష్టమైన డైరెక్షన్ ట్రైనింగ్ ఇంకోటి నాకు తెలియదు. నవ్వులాటకి అనడం లేదు.

ఇక కోర్సుల సంగతి. ఇంతసేపు తిట్టినా చివరికి అడుగుతారని తెలుసు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖలున్నాయి. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల డిప్లొమా, స్టైపెండ్‌తో. దానికి డిగ్రీ ఒక్కటే చాలదు. అంతకుముందు కొన్ని నాటకాల్లో పనిచేసిన అనుభవం చూపించాలి, హిందీ ఇంగ్లిష్ అర్థం కావాలి. ఎన్ని నాటకాలు, వయసు ఎంత అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. కాబట్టి మీ ఫెస్ట్ నాటకం కరపత్రం, ఫొటోలు, మీ పేరున్న బ్రోచర్ అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. ప్రిన్సిపాల్ గారు భుజం తట్టారు కదా, ఆ వేడి చల్లారకముందే లెటర్‌హెడ్ మీద నాటకం పేరు, తేదీ, మీరు చేసిన పని రాయించి సంతకం, స్టాంపు వేయించుకోండి.